కాలేజీ టీముకు మూడిల్ పనికొస్తుందా? హనుమకొండ నుంచి మా అనుభవం

చిన్న కాలేజీలో నలుగురైదుగురు లెక్చరర్లు కలిసి ఆన్‌లైన్ కోర్సు తయారు చేయాలంటే ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలని ఈ మధ్య చాలామంది అడుగుతున్నారు, అందుకే ఈ రివ్యూ. మేం హనుమకొండలో డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లల కోసం స్టాటిస్టిక్స్ బ్రిడ్జ్ కోర్సు (అసలు పాఠాలకు ముందు పునాది వేసే కోర్సు) ఒకటి మూడిల్‌లో చేశాం. మూడిల్ అంటే పాఠాలు, క్విజ్‌లు, మార్కులు అన్నీ ఒకేచోట పెట్టుకుని ఆన్‌లైన్ కోర్సు నడిపే సాఫ్ట్‌వేర్. నా మాట ముందే చెప్తున్నా: మూడిల్ ధైర్యంగా తీసుకోండి. అయితే టీములో ఒక్కరైనా దాని సెట్టింగుల బాధ్యత నెత్తిన వేసుకోవాలి. ఇంకోటి, వీడియోల కంటే ముందు క్విజ్ రాసుకునే ఓపిక అందరికీ ఉండాలి. ఈ రెండూ లేకపోతే ఉచితంగా వచ్చిందన్న సంతోషం తప్ప ఏమీ మిగలదు.

మా పిల్లల సంగతి తెలిస్తే మిగతాది అర్థమవుతుంది. దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ ఆన్‌లైన్ అడ్మిషన్లలో) సీటు వచ్చి బీకాంలో చేరేవాళ్లలో ఇంటర్‌లో సీఈసీ (సివిక్స్, ఎకనామిక్స్, కామర్స్) చదివినవాళ్లే ఎక్కువ, అంటే పదో తరగతి తర్వాత లెక్కల పుస్తకం ముట్టనివాళ్లు. అందులోనూ తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు క్లాసులో డౌటు అడగడానికి భయపడతారు. ఏటూరునాగారం, తాడ్వాయి వైపు నుంచి వచ్చేవాళ్లు సెలవులకు ఊరికి పోతే కొన్నిచోట్ల సిగ్నల్ కూడా సరిగా ఉండదు. వీళ్లకు పనికొచ్చే కోర్సు కావాలి మాకు. టీములో స్టాటిస్టిక్స్ సార్, కామర్స్ మేడం, భాష సరిచూసే తెలుగు సార్, వీడియోలు తీసే ల్యాబ్ తమ్ముడు, సెట్టింగులు చూసుకునే నేను.

మూడిల్ కొత్తదేం కాదు. ఆస్ట్రేలియాలో మార్టిన్ డూగియామస్ మొదలుపెట్టాడు, మొదటి వెర్షన్ 2002లో వచ్చింది, ఓపెన్ సోర్స్ కాబట్టి సాఫ్ట్‌వేర్‌కు పైసా కట్టక్కర్లేదు. 2022లో వచ్చిన 4.0 వెర్షన్ నుంచి చూడటానికి కూడా బాగుంది, అంతకుముందు పాత ప్రభుత్వ వెబ్‌సైటులా ఉండేది.

మొదట్లో పెద్ద లొల్లి వీడియోల దగ్గరే అయింది. క్లాసులో చెప్పినట్టే ముప్పావు గంట పాఠం రికార్డు చేసి పెడదామని సార్, అంతసేపు ఫోన్లో ఎవరూ చూడరని మేడం. 2014లో ఫిలిప్ గువో అనే పరిశోధకుడి బృందం ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైటులోని కోర్సుల్లో 69 లక్షల వీడియో సెషన్లు పరిశీలించింది. వీడియో ఎంత పొడుగున్నా, చూసే సమయం మామూలుగా ఆరు నిమిషాలు దాటడం లేదని తేల్చింది. ఆ పేపరు ముందు పెట్టాక సార్ ఒప్పుకున్నారు. కానీ ముప్పావు గంట పాఠాన్ని ఆరేసి నిమిషాల ముక్కలు చేయాలంటే ఎక్కడ కోయాలి? అక్కడే మా పని పద్ధతి మొత్తం తిరగబడింది. ముందు పాఠం, తర్వాత వీడియో, చివర్లో గబగబా పది ప్రశ్నలు అనే అలవాటు పక్కన పెట్టాం. ఈ ముక్క అయ్యాక పిల్లవాడు ఏ లెక్క చేయగలగాలి అని ప్రశ్న ముందు రాసి, ఆ ప్రశ్నకు ఏం కావాలో అంతే వీడియోలో చెప్పాం. బోధన డిజైన్ చదివినవాళ్లకు ఇది కొత్త సంగతి కాదు గానీ, అలవాటుపడ్డ లెక్చరర్ల చేత చేయించడం కష్టం. దీన్ని మాచేత చేయించింది మూడిల్ క్విజ్ అంటే అతిశయోక్తి కాదు, ఎందుకంటే అందులో ప్రతి ఆప్షన్ కింద ఫీడ్‌బ్యాక్ పెట్టె ఒకటి ఖాళీగా కనిపిస్తుంటుంది, ఆ జవాబు పిల్లవాడు ఎందుకు పెడతాడో ఆలోచిస్తే తప్ప అది నిండదు.

ఒక ప్రశ్న చూపిస్తాను. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు ఐదు లాట్ల తేజ మిర్చి వచ్చింది, క్వింటాలుకు 14,000, 14,500, 15,000, 15,500, 21,000 రూపాయలు పలికింది (లెక్క కోసం మేం వేసుకున్న ధరలివి). ఈ రోజు మామూలుగా ఎంత పలికిందో మీ ఊరి రైతుకు ఒక్క అంకెలో చెప్పాలంటే ఏది చెప్తావు? సగటు తీస్తే 16,000. కానీ ఐదు లాట్లలో నాలుగింటికి అంత రాలేదు! మీడియన్, అంటే వరుసలో నడిమి ధర, 15,000, మామూలుగా పలికిన ధర అదే. 16,000 ఎంచుకున్న పిల్లవాడికి ‘తప్పు’ అని చెప్పి వదిలేస్తే ఏం లాభం? మేం పెట్టిన ఫీడ్‌బ్యాక్ ఇది: ‘నువ్వు తీసింది సగటు, కూడిక సరిగ్గానే చేశావు. కానీ 21,000 పలికిన ఒక్క లాటు మొత్తాన్ని పైకి లాగింది చూడు. ధరలను వరుసలో పెట్టి నడిమిది ఏదో చూసి మళ్లీ చెప్పు.’ ఈ నాలుగు ముక్కల కోసం సార్, మేడం, తెలుగు సార్ ఒక సాయంత్రమంతా కూర్చున్నారు. కూర్చున్నందుకు ఫలితం ఉంది, తర్వాత తీసిన మీడియన్ వీడియోలో ఒక్క అనవసరపు మాట లేదు.

క్యాలిక్యులేటెడ్ అనే ప్రశ్న రకం కూడా మాకు బాగా నచ్చింది. అంకెల చోట గుర్తులు పెడితే ఒక్కో పిల్లవాడికి ఒక్కో అంకె వస్తుంది, జవాబును అదే లెక్కగట్టుకుంటుంది. వాట్సాప్ గ్రూపులో జవాబులు పంచుకున్నా ఉపయోగం ఉండదు, పద్ధతి పంచుకోవాల్సిందే, అది మంచిదే కదా.

ఇక తేల్చుకోవడానికి చాలా టైమ్ పట్టిన విషయం. మూడిల్ మొబైల్ యాప్‌లో పాఠం డౌన్‌లోడ్ చేసుకుని సిగ్నల్ లేకుండా చదువుకోవచ్చు, టీచర్ అనుమతిస్తే క్విజ్ కూడా ఆఫ్‌లైన్‌లో రాసి తర్వాత పంపొచ్చు. తాడ్వాయి పిల్లలకు ఇది వరం. కానీ అలా రాయాలంటే టైమ్ లిమిట్ పెట్టకూడదు, పైగా క్విజ్ అంతా అయ్యాకే ఫలితం చూపించే పద్ధతిలో ఉండాలి. మేం అంత కష్టపడి రాసుకున్న ‘మళ్లీ ప్రయత్నించు’ ఫీడ్‌బ్యాక్ వెంటనే కనిపించాలంటే ఇంటరాక్టివ్ పద్ధతి పెట్టాలి, అది ఆఫ్‌లైన్‌లో నడవదు. సూచన కావాలా, సిగ్నల్ లేనిచోట నడవాలా? మేడం పిల్లల తరఫున గట్టిగా వాదించారు, సిగ్నల్ ఉన్నవాడికే మంచి పాఠం, లేనివాడికి మిగిలింది అంటే ఒప్పుకోనన్నారు. చివరికి ప్రాక్టీసు క్విజ్ ఇంటరాక్టివ్‌గా, చాప్టర్ చివరి క్విజ్ ఆఫ్‌లైన్‌కు వీలుగా పెట్టి, ప్రాక్టీసు ప్రశ్నలు సూచనలతో సహా పేజీ రూపంలో కూడా ఉంచాం, అది డౌన్‌లోడ్ అవుతుంది. పూర్తి పరిష్కారం కాదు. మూడిల్ వాళ్లు ఈ ఒక్కటి సరిచేస్తే మన ప్రాంతపు కాలేజీలకు ఎంత మేలో!

టీము పనికి మూడిల్ ఒక్కటే సరిపోదు, ఇది తప్పకుండా గుర్తుపెట్టుకోండి. ఒకే పేజీని ఇద్దరు ఒకేసారి మారిస్తే చివర సేవ్ చేసినవారిదే మిగులుతుంది. అందుకే రాతంతా గూగుల్ డాక్స్‌లో, కామెంట్లూ అక్కడే, అందరూ సరే అన్నాకే మూడిల్‌లోకి. వీడియోలు యూట్యూబ్‌లో అన్‌లిస్టెడ్‌గా (లింకు ఉన్నవాళ్లకే కనిపించేలా) పెట్టి లింకు ఇచ్చాం, సర్వర్ మీద బరువు పడదు.

సర్వర్ అంటే గుర్తొచ్చింది. సాఫ్ట్‌వేర్ ఉచితమే గానీ హోస్టింగ్, అంటే దాన్ని నడిపే సర్వర్ అద్దె, ఉచితం కాదు. మూడిల్‌లో మెయిళ్లు పంపడం లాంటివి చేసే క్రాన్ అని వెనక నడిచే పని ఒకటి ఉంటుంది, దాన్ని నిమిషానికోసారి నడపమని వాళ్లే చెప్తారు. మేం మొదట తీసుకున్న చౌక హోస్టింగ్ ప్లానులో గంటకోసారి కంటే ఎక్కువ నడవనివ్వలేదు, ఫోరంలో పిల్లవాడు డౌటు పెడితే సార్‌కు మెయిల్ చాలా ఆలస్యంగా వచ్చేది, అడిగినవాడు అప్పటికి ఆశ వదులుకునేవాడు. ఆ కంపెనీకి ఎన్ని మెయిళ్లు పెట్టినా పట్టించుకోలేదు, మారిపోయాం. డబ్బు కట్టే ముందు, క్రాన్‌ను నిమిషానికోసారి నడవనిస్తారా అని ఈ ఒక్క ప్రశ్న అడగండి.

సెట్టింగుల సంగతి దాచను, చాలా ఉన్నాయి. ఒక్క క్విజ్‌కే పేజీ కిందికి జరుపుతూ పోవాలి. తెలుగు భాషా ప్యాక్ ఉంది గానీ మేం మెనూలు ఇంగ్లీషులోనే ఉంచాం, పిల్లలు ఫోన్లో ఎలాగూ ఇంగ్లీషు మెనూలే చూస్తారు, పాఠం తెలుగులో ఉంటే చాలు.

పిల్లలు రాశాక వచ్చే స్టాటిస్టిక్స్ రిపోర్టు మాత్రం ఏ టీమూ వదలకూడదు. ఏ ప్రశ్నను ఎంత శాతం మంది సరిగ్గా చేశారో చెప్తుంది. మొత్తం మీద మంచి మార్కులు తెచ్చుకున్నవాళ్లే ఒక ప్రశ్నలో తప్పుతుంటే అదీ చూపిస్తుంది, అంటే లోపం పిల్లల్లో కాదు, ప్రశ్నలోనో జవాబుల కీలోనో ఉందన్నమాట. స్టాటిస్టిక్స్ సార్ అయితే ఆ రిపోర్టునే క్లాసులో పాఠంగా చెప్పడం మొదలుపెట్టారు.

జమ్మికుంటలో ఒక కాలేజీవాళ్లు అడిగితే కోర్సు మొత్తాన్ని బ్యాకప్ ఫైలుగా ఇచ్చాం. వాళ్లు తమ సైటులో ఎక్కించుకుని మిర్చి తీసేసి పత్తి ధరలు పెట్టుకున్నారు, అక్కడి పిల్లలకు అదే దగ్గర. మీరూ ఎవరికైనా ఇస్తే బ్యాకప్ తీసే ముందు యూజర్ల దగ్గర టిక్ తీసేయండి, లేకపోతే మన పిల్లల పేర్లు, మార్కులు కూడా ఆ ఫైల్లో వెళ్లిపోతాయి.