48 నిమిషాల ఇసుక గడియారం: నాలుగు నెలలు వాడాక నా మాట

ముందే చెప్పేస్తున్నాను, ఇది ఫోన్‌లో టైమర్ అంత కచ్చితంగా ఉండదు, మోగదు, చీకట్లో సరిగ్గా కనపడదు కూడా. అయినా రోజూ ధ్యానానికి కూర్చునేవాళ్ళు ఒకటి కొనుక్కోండనే చెబుతాను. ఎందుకో అర్థం కావాలంటే అంతకుముందు నేను ఏమేం వాడానో కూడా చెప్పాలి.

మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఉదయం ఎనిమిది కాకుండానే ఎవరో ఒకరు గుడ్డ పట్టుకుని గుమ్మంలోకి వచ్చేస్తారు, ఇంటిపని ఎలాగూ ఉంటుంది, కాబట్టి నేను కూర్చోవాలంటే ఐదింటికీ ఆరింటికీ మధ్యే కూర్చోవాలి. టైము చూసుకోకుండా కూర్చునే వీలు నాకు లేదు. "ధ్యానానికి టైమేంటండీ, మనసు కుదిరినంతసేపు కూర్చోండి" అని చాలామంది చెప్పారు. మనసు కుదరని రోజున అదే మాట పట్టుకుని ఏడో నిమిషానికే లేచిపోతాం, ఇది నాకు అనుభవమే. ఇంతసేపు అని ముందే ఒక హద్దు పెట్టుకుంటేనే కుదరని రోజు కూడా కూర్చోగలం.

ఎంతసేపు అన్నది ఇంకో ప్రశ్న. పిరమిడ్ ధ్యానం వాళ్ళు ఎన్నేళ్ళ వయసుంటే అన్ని నిమిషాలు కూర్చోమంటారు, ఆ లెక్కన నాకు 47. ఐదేళ్ళ కిందట హైదరాబాద్‌లో పదిరోజుల విపశ్యన కోర్సుకి వెళ్ళాను, ఇంటికెళ్ళాక ఉదయం ఒక గంట, సాయంత్రం ఒక గంట కూర్చోమని చెప్పి పంపారు. ఆ కోర్సులో ఫోన్లన్నీ మొదటిరోజే తీసి దాచేస్తారు, టైము చూసే పని గంట కొట్టేవాళ్ళది, మనది కాదు. విపశ్యన నేర్పాక రోజుకి మూడుసార్లు గంటసేపు కాళ్ళూ చేతులూ కదపకుండా, కళ్ళు తెరవకుండా కూర్చోవాలి, దాన్ని అధిష్ఠానం అంటారు. గంట ముగిసే ముందు ఈ కోర్సులు మొదలుపెట్టిన గురువు గోయెంకా గారి గొంతు రికార్డింగులో వినిపిస్తుంది. మోకాళ్ళు మండిపోతున్నప్పుడు ఆ గొంతు కోసం ఎంత ఎదురుచూశానో నాకే తెలుసు. చివరి పావుగంట ఒంట్లో తెలిసే స్పర్శల మీద కాదు, ఆ స్పీకరు మీదే ఉండేది నా ధ్యాస. అప్పుడు అది నా ఒక్కదాని బలహీనత అనుకున్నాను. ఇంటికొచ్చి రకరకాల టైమర్లు వాడాకే తెలిసింది, ఎక్కడినుంచో ఒక శబ్దం రాబోతోందని తెలిస్తే చాలు, చెవి దానికోసం కాపలా కూర్చుంటుంది.

మొదట ఫోన్ వాడాను. ఇన్‌సైట్ టైమర్ అని ఒక యాప్ ఉంది, అందులో టైమర్ డబ్బులు కట్టక్కర్లేదు, మొదట్లో, మధ్యలో, చివర్లో మోగే గంటలు మనమే ఎంచుకోవచ్చు, ఆ గంటల శబ్దం నిజంగా బాగుంటుంది. దాంట్లో నాకేమీ లోపం కనపడలేదు. ఇబ్బంది ఫోన్‌తోనే. టైమర్ పెట్టడానికి చేతిలోకి తీసుకుంటామా, రాత్రి వచ్చిన వాట్సాప్ మెసేజీలు పైన కనపడనే కనపడతాయి, "అక్కా, నా బ్లౌజు రేపటికి కావాలి" అని ఒకటి ఉంటుంది, ఇక నలభై నిమిషాలూ కళ్ళు మూసుకుని ఆ బ్లౌజుకి చేతులు అతుకుతూ కూర్చోవడమే. ఫ్లైట్ మోడ్‌లో పెట్టినా అప్పటికే చూసేశాం కదా.

తర్వాత వంటింట్లో వాడే తిప్పుడు టైమర్ తెచ్చాను, స్టీలు సామాన్ల కొట్లో. కూర్చున్నంతసేపూ టిక్కు టిక్కుమని, చివర్లో ఒక్కసారిగా గణగణమని గుండె ఆగినంత పని చేసేది. వారం రోజులకే అది మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఊదువత్తి వెలిగించి అది కాలినంతసేపు కూర్చోవడం కూడా చేశాను. జపాన్‌లో జెన్ మఠాల్లో అలాగే ఒక వత్తి కాలేంతసేపు అని లెక్క పెట్టుకునేవారు, వాళ్ళ వత్తికి సుమారు 40 నిమిషాలు. మా బజారు వత్తులకి ఆ నియమం లేదు, ఫ్యాను వేస్తే 28 నిమిషాలకే అయిపోయేది, ఆపితే 37 దాకా వచ్చేది, పైగా మా అత్తయ్యకి పొగ పడదు. జపమాలతో ఊపిరి లెక్కపెట్టడం వీటన్నిటికన్నా మంచిది. 108 ఊపిరులకి నాకు పది నుంచి పదిహేను నిమిషాలు పడుతుంది. కానీ మనసు ఆత్రంగా ఉన్న రోజు ఊపిరి వేగం పెరిగి మాల తొందరగా తిరిగిపోతుంది, అంటే ఎక్కువసేపు కూర్చోవాల్సిన రోజునే తక్కువ కూర్చుంటాం.

ఇక ఇసుక గడియారం సంగతి. లైనింగ్ గుడ్డ, ఫాల్స్ తేవడానికి రెండు నెలలకోసారి బరంపురం వెళతాను. పెద్ద బజారులో నేను కొనే మార్వాడీ కొట్లో, వెనక గదిలో ఆ కొట్టాయన తల్లి తెల్లచీర కట్టుకుని, కళ్ళు మూసుకుని కూర్చుని ఉంది, ముందు ఒక చెక్క చట్రంలో గాజు బుడ్డి, అందులో సన్నగా ఇసుక జారుతోంది. "ఏటండీ అది?" అని అడిగితే ఆయన గొంతు తగ్గించి, "అమ్మ సామాయికంలో ఉందమ్మా, ఇసుక అయ్యేదాకా పిలవకూడదు" అన్నాడు. సామాయికం అంటే జైనులు కదలకుండా కూర్చుని చేసే ధ్యానం, అది 48 నిమిషాలట, అంటే ఒక ముహూర్తం. దానికి సరిపోయేలా 48 నిమిషాల ఇసుక గడియారాలే విడిగా దొరుకుతాయి, రెండు సందుల అవతల పూజా సామాన్ల కొట్లో ఉంటాయని ఆయనే చెప్పాడు.

48 నిమిషాలంటే మనకీ కొత్తేం కాదు. ఘడియ అంటే 24 నిమిషాలు, రోజుకి 60 ఘడియలు, రెండు ఘడియలు ఒక ముహూర్తం. పంచాంగంలో దుర్ముహూర్తం ఉదయం 8.24 నుంచి 9.12 వరకు అని ఉంటే లెక్క వేసి చూడండి, అవే 48 నిమిషాలు. పూర్వం అడుగున సన్న చిల్లున్న గిన్నెని నీళ్ళ మీద తేలేసి, అది నిండి మునిగితే ఒక ఘడియ అయినట్టు గంట కొట్టేవారు, గడియారం అన్న మాటే అక్కడినుంచి వచ్చింది. నా 47కి ఒక నిమిషం కలిపితే సరిపోతుంది కదా అని ఆ రోజే కొన్నాను. 420 రూపాయలు, టేకు రంగు చట్రం, మూడు చెక్క స్తంభాలు, లోపల తెల్ల ఇసుక.

ఇంటికొచ్చాక ఫోన్ స్టాప్‌వాచ్ పెట్టి ఆరుసార్లు కొలిచాను. ఒక వైపు నుంచి మూడుసార్లూ 46 నిమిషాల 30 సెకన్లకి అటూ ఇటుగా వచ్చింది, తిరగేస్తే మూడుసార్లూ 48 దాటింది. నడుము దగ్గర గాజు రెండువైపులా ఒకేలా లేదన్నమాట. 48 వచ్చే వైపు మూతకి ఎర్ర నెయిల్ పాలిష్ చుక్క పెట్టాను, రోజూ ఆ చుక్క పైకి వచ్చేలా తిప్పుతాను. ఇంకో సంగతి, చిల్లుకుండలో నీళ్ళు తగ్గేకొద్దీ ధార నెమ్మదిస్తుంది, ఇసుక అలా కాదు, పైన ఎంత ఉన్నా ఒకే వేగంతో జారుతుంది. కానీ బుడ్డి ఆకారం వల్ల కంటికి అలా అనిపించదు, వెడల్పుగా ఉన్నచోట ఇసుక కదలనట్టే ఉంటుంది, సన్నబడినచోట గబగబా దిగిపోతున్నట్టు ఉంటుంది. అందుకే మధ్యలో కళ్ళు తెరిచి చూసి "ఇంకా సగం కూడా కాలేదే" అని నీరసపడకండి, కంటి అంచనా తప్పు.

మొదటి రెండు వారాలు నేను చేసింది అదే. ఎదురుగా పెట్టుకుని, కళ్ళు తెరిచి చూడటం, మూయడం, మళ్ళీ చూడటం. మోగదు కాబట్టి చూస్తే తప్ప తెలియదు కదా అని మనసు ఒక సాకు పట్టుకుంది. ఒకరోజు లెక్కపెడితే పదకొండుసార్లు చూశాను. దీన్ని తిరిగి ఇచ్చేద్దామా అనుకున్నది ఆ రోజే. మర్నాడు దాన్ని ఎదురుగా కాకుండా ఎడమవైపు, కాస్త వెనక్కి, పీట మీద పెట్టాను, చూడాలంటే మెడ పూర్తిగా తిప్పాలి. ఆ చిన్న మార్పుతో అంతా మారిపోయింది. మెడ తిప్పితే నడుము కదులుతుంది, నడుము కదిలితే మళ్ళీ మొదటినుంచి సర్దుకోవాలి, కాబట్టి చూడాలనిపించినప్పుడల్లా "అయ్యే ఉంటుందా, లేదా" అని లోపలే అడుక్కుని ఊరుకోవడం అలవాటైంది. మోగేది ఏదీ లేదు కనుక చెవి కాపలా కూడా మానేసింది. ఫోన్ టైమర్‌తో నాకు ఎన్నడూ దొరకనిది ఇదే. ముగింపు ఎక్కడినుంచో వచ్చి మీద పడదు. అయిపోయిందని నాకు నేనుగా అనిపించినప్పుడు కళ్ళు తెరిచి చూస్తాను, కాకపోతే మళ్ళీ మూసుకుంటాను, అయిపోయి ఉంటే అది చడీచప్పుడూ లేకుండా అలాగే ఉంటుంది.

కొలతల పుస్తకంలో వెనక పేజీల్లో రాసుకుంటున్నాను, కళ్ళు తెరిచిన టైము గోడ గడియారంలో చూసి. మొదట్లో 19, 22, 26 నిమిషాలకే అయిపోయిందనుకుని చూసేదాన్ని. మూడో నెల నుంచి 41, 50, 45 అలా ఉంది. టెన్షన్ ఉన్న రోజు మాత్రం ఇప్పటికీ 30 దగ్గరే కళ్ళు తెరుచుకుంటాయి, పెళ్ళిళ్ళ సీజన్‌లో ఆ అంకెలు చూస్తే పని ఎంత నెత్తిన పెట్టుకున్నానో నాకే తెలుస్తోంది.

లోటుపాట్లు కూడా చెప్పాలి. ఒకరోజు ఇసుక మధ్యలో ఇరుక్కుపోయింది. నాకు తెలియదు, ఇంకా అవలేదు, ఇంకా అవలేదు అని కూర్చునే ఉన్నాను, చివరికి మా అత్తయ్య తలుపు దగ్గరికొచ్చి "ఏటే, ఇంకా లెగలేదేటి? పాలవాడొచ్చి ఎల్లిపోయాడు" అంది. చూస్తే గంటా పది నిమిషాలు, కాళ్ళు మొద్దుబారిపోయాయి. గాజుని వేలితో రెండుసార్లు తడితే మళ్ళీ జారింది. నాలుగు నెలల్లో ఇలా రెండుసార్లు అయింది, ఇప్పుడు తిప్పగానే ఒక నిమిషం ధార చూశాకే కళ్ళు మూసుకుంటున్నాను. బస్సు పట్టుకోవాల్సిన రోజు, ఎవరికైనా టైము చెప్పిన రోజు దీన్ని నమ్ముకోకండి. అలాంటి రోజున నేను ఫోన్‌లో అలారం పెట్టి వంటింట్లో, తలుపు వేసి ఉంచుతాను, అది 48 దాటి ఇంకో పది నిమిషాలకి పెడతాను, మోగకముందే లేచి ఆపేస్తాను. గాజు కాబట్టి చిన్నపిల్లలున్న ఇంట్లో అందకుండా దాచాలి.

కరెంటు, బ్యాటరీ అక్కర్లేకపోవడం చిన్న విషయం అనుకోకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు మా గజపతి జిల్లా ఎంత దెబ్బతిందో ఇక్కడివాళ్ళందరికీ గుర్తే. కరెంటు లేక ఫోన్లు ఆగిపోయి, ఆ రోజుల్లో ఇంట్లో టైము తెలిసేది మా మామయ్య కీ ఇచ్చే గోడ గడియారంలోనే. కూర్చోవడం నిజంగా కావాల్సి వచ్చేది కూడా అలాంటి రోజుల్లోనే.

కొనేటప్పుడు ఇవి చూడండి. తెల్లవారకముందు కూర్చునేవాళ్ళు నీలం, నలుపు ఇసుక కొనొద్దు, దీపం వెలుగులో తెల్లదే కనపడుతుంది. గాజులో బుడగలు, గీతలు ఉంటే వద్దు. చట్రం అడుగు వెడల్పుగా ఉండాలి, నేల మీద పెట్టి కదిపితే ఊగకూడదు. కొట్లో 48 నిమిషాలు నిలబడి చూడలేం కదా, కనీసం రెండువైపులా తిప్పి ధార ఆగకుండా వస్తోందో లేదో చూడండి. ఆన్‌లైన్‌లోనూ దొరుకుతాయి, మా చెల్లి ఒకటి తెప్పించుకుంటే గాజు పగిలి అట్టపెట్టె నిండా ఇసుక వచ్చింది, డబ్బులు వెనక్కి రావడానికి మూడు వారాలు పట్టింది. చేతితో చూసి కొనడమే మంచిది. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకి 48 చాలా ఎక్కువ, అదే కొట్లో 15 నిమిషాలదీ 30 నిమిషాలదీ కూడా ఉన్నాయి. మొన్న వెళ్ళినప్పుడు ఇచ్ఛాపురంలో ఉన్న మా చెల్లికి 30ది తీసుకుని, బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చి ఇచ్చాను, 260 రూపాయలు పడింది.