పాక సెట్ కొనండి, బాలుణ్ణి మాత్రం మార్చి తీసుకోండి

ముందు లెక్క చెప్తాను. క్రిస్మస్ పాకలో పెట్టే బొమ్మల సెట్ ఇది. మరియమ్మ, యోసేపు, తొట్టిలో బాలుడు, ముగ్గురు జ్ఞానులు, ఇద్దరు గొల్లలు, దేవదూత, ఎద్దు, గాడిద, మొత్తం పదకొండు. గొర్రెలు సెట్‌లో రావు, విడిగా కొనాలి, జత 120. నిలబడ్డ బొమ్మలు తొమ్మిది అంగుళాల ఎత్తున్నాయి. ధర 3,200 చెప్పి 2,700కి ఇచ్చారు. ఫైబర్ అన్నారు గానీ గాడిద చెవి దగ్గర పెచ్చు లేచిన చోట తెల్లటి పొడి రాలుతోంది. నాకైతే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ అనే అనుమానం.

షాపు విజయవాడలో, గుణదల మాత కొండకు వెళ్లే దారిలో, కొవ్వొత్తులూ జపమాలలూ అమ్మే కొట్ల వరసలో ఉంది. కింద ఫిర్యాదులు కూడా ఉన్నాయి కాబట్టి పేరు రాయడం లేదు. మాది గుంటూరు, లూథరన్ కుటుంబం, అంటే ప్రొటెస్టంట్లం. సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసు నాది, సెట్ వాళ్ల కోసమే. మా కోడలు గుణదల పిల్ల, క్యాథలిక్. స్వరూపాల, అంటే చర్చిలో పెట్టే విగ్రహాల, మంచీ చెడ్డా మాకంటే వాళ్లకే బాగా తెలుసని తనను వెంటబెట్టుకుని వెళ్లాను.

సెట్ మొత్తంలో బాగా కుదిరింది మరియమ్మ. మోకాళ్ల మీద కూర్చుని ఉంటుంది, నీలం ముసుగు కాస్త పక్కకి జారి ఉంటుంది. కళ్ల కింద సన్నటి గీత గీశాడు చేసినాయన. ఆ ఒక్క గీతతో కాన్పయిన ఆడమనిషి అలసట మొహంలోకి వచ్చేసింది. ఎవరు చేశారో గానీ ఇంట్లో పురుడు చూసిన మనిషే అయ్యుంటాడు. యోసేపు ఫరవాలేదు. లాంతరు పట్టుకున్న చెయ్యి ఒంటికి మించి పెద్దది, అంతే.

నాకు పేచీ అంతా బాలుడి దగ్గరే వచ్చింది.

బొమ్మ మూడంగుళాలు. చేతిలోకి తీసుకుని చూడండి. జుట్టు దువ్వి పాపిడి తీసి ఉంటుంది. తల వెనక రేకుతో చేసిన బంగారు కిరణాలు. కుడిచెయ్యి చాచి రెండు వేళ్లెత్తి మనల్ని ఆశీర్వదిస్తున్నాడు. పొత్తిగుడ్డలతో చుట్టిందని లూకా సువార్తలో ఉంటే ఇక్కడ నడుముకి జరీ అంచు గుడ్డ ఒక్కటే ఉంది. మెడ నిలిపి సూటిగా చూస్తున్నాడు. పుట్టిన పిల్లాడికి మెడ ఎప్పటికి నిలుస్తుందో ఏ తల్లినడిగినా చెబుతుంది. అన్నిటికీ మించి, తొట్టిలో పెడితే వీపు గడ్డికి ఆనదు. మధ్యలో అగ్గిపుల్ల దూరేంత సందు. గాల్లో తేలుతున్నట్టే ఉంటాడు.

"దేవుడు కదా అత్తయ్యా, అలాగే ఉంటాడు" అంది మా కోడలు. షాపాయన కూడా తలూపాడు.

దేవుడే, అందులో నాకు సందేహం లేదు. అయితే దేవుడు కాబట్టి అలాగే ఉంటాడనే మాట చాలా పాతది, అది ఎక్కడికి తీసుకెళ్తుందో కూడా సంఘం చాలా ముందే చూసింది. తొలి వందేళ్లలోనే కొందరు బయల్దేరారు. దేవుడికి ఆకలేమిటి, చెమటేమిటి, చావేమిటి, ఆయన శరీరం కంటికి అలా కనిపించిందంతే, నిజమైంది కాదు అన్నారు. భక్తితోనే అన్నారు పాపం. యోహాను మొదటి పత్రికలో, యేసుక్రీస్తు శరీరధారియై వచ్చాడని ఒప్పుకునే ఆత్మే దేవునిదని గట్టిగా రాసింది ఇలాంటివాళ్ల గురించే. రెండో శతాబ్దం మొదట్లో అంతియొకయ బిషప్పు ఇగ్నేషియస్‌ను రోముకి ఖైదీగా తీసుకెళ్తుంటే దారిలో ఆయన సంఘాలకు ఉత్తరాలు రాశాడు. అందులో ఆయన పట్టుదలంతా 'నిజంగా' అన్నదాని మీదే. నిజంగా పుట్టాడు, తిన్నాడు, తాగాడు, నిజంగా సిలువ మీద చనిపోయాడు. ఆయన బాధపడ్డట్టు కనిపించడమే తప్ప నిజంగా పడకపోతే నాకు ఈ సంకెళ్లెందుకు అని అడుగుతాడు. వీపు గడ్డికి ఆనని ఈ బొమ్మను ఆయన ఒప్పుకునేవాడు కాదు.

ఆ చూపు సంగతి ఇంకోటి. నాలుగో శతాబ్దంలో లవొదికయ బిషప్పు అపొల్లినారిస్ శరీరం నిజమే అన్నాడు, కాకపోతే లోపల మనిషి మనసు లేదు, దాని చోట దేవుని వాక్యమే, అంటే దేవుని కుమారుడే, ఉంది అన్నాడు. ఒళ్లు పసిపిల్లాడిది, చూపు సర్వం తెలిసినవాడిది, అచ్చం ఈ బొమ్మే. 381లో బిషప్పులు కూడిన కాన్‌స్టాంటినోపుల్ సభ ఆ బోధను తోసిపుచ్చింది. ఆ కాలపు బిషప్పు నజియాంజు గ్రెగరీ దానికిచ్చిన జవాబు నాకు బాగా ఇష్టం: మనలో దేన్ని ఆయన తీసుకోలేదో అది బాగుపడలేదు. మన భయాలూ దిగుళ్లూ పుట్టేది మనసులోనే కదా, దాన్ని వదిలేసి ఒళ్లు మాత్రం తీసుకుంటే మనకేం లాభం? యేసు జ్ఞానంలోనూ వయసులోనూ పెరిగాడని లూకా రెండో అధ్యాయంలో ఉంది. పుట్టగానే పాపిడి తీసుకున్నవాడు ఇంకేం పెరుగుతాడు?

ఇదంతా షాపాయనకు చెప్పలేదు లెండి, వెనక జనం ఉన్నారు. వేరే బాలుడు ఉన్నాడా అని మాత్రం అడిగాను. కౌంటరు కింద నుంచి అట్టపెట్టె తీశాడు. అందులో విడి బాలులు, పాత కాగితాల్లో చుట్టి. ఒకడు నిద్రపోతున్నాడు. మెడ దాకా గుడ్డ చుట్టి ఉంది, నోరు కొంచెం తెరుచుకుంది, ఒక్క చెయ్యి మాత్రం గుడ్డలోంచి బయటికొచ్చింది. పిడికిలి బిగించి, బొటనవేలు లోపలికి మడిచి ఉంది. నెలలోపు పిల్లలు చెయ్యి మూసేది సరిగ్గా అలాగే. 180 రూపాయలు. బేరమాడకుండా ఇచ్చేశాను.

"మరి ఈయన దేవుడని పిల్లలకి ఎలా తెలుస్తుంది?" అని మా కోడలు అడిగింది. న్యాయమైన ప్రశ్న. చుట్టూ ఉన్న బొమ్మలున్నది అందుకే అన్నాను. దేవదూత ఎవరికోసం దిగొచ్చింది? జ్ఞానులు ఎవరి ముందు మోకరించారు? వాళ్లు తెచ్చినవే చూడండి. బంగారం రాజుకి, సాంబ్రాణి దేవుడికి, శవాలకు పూసే సుగంధపు జిగురు బోళం చనిపోబోయే మనిషికి. ఈ అర్థం చెప్పడం రెండో శతాబ్దపు బిషప్పు ఐరేనియస్ కాలం నుంచీ ఉంది. ఆ బోళం మళ్లీ యేసు సమాధి దగ్గర కనిపిస్తుంది, ఆయన్ని పాతిపెట్టడానికి నీకొదేము అనే ఆయన అగరుతో కలిపి తెస్తాడు. సెట్ చేసినవాళ్లు ఇక్కడ బద్ధకించారు. మూడు పాత్రలకూ ఒకటే బంగారు రంగు పూసేశారు, ఏది ఏదో తెలియదు. మా మనవరాలు మూడో జ్ఞాని చేతిలోదానికి ముదురు గోధుమరంగు నెయిల్ పాలిష్ వేసింది. బాగానే కుదిరింది.

పోల్చుకోవడానికి ఇంకో సెట్ గురించి కూడా చెప్పాలి. ఆన్‌లైన్‌లో నున్నటి చెక్కతో చేసినవి వస్తున్నాయి. ముక్కూ మొహం లేని తల్లి, తండ్రి, పిల్లాడు, మూడే బొమ్మలు. తెలిసినవాళ్లింట్లో చూశాను. ముచ్చటగా ఉంటాయి, షోకేసుకి బాగా నప్పుతాయి. అయితే దూత లేదు, నక్షత్రం లేదు, మోకరించే మనిషి లేడు. పేదింట్లో బిడ్డ పుట్టాడు, అంతవరకే. 325లో నైసియా సభ కూర్చున్నది ఏరియస్ అనే పాదిరి బోధ సంగతి తేల్చడానికి. కుమారుడు ఎంత గొప్పవాడైనా సృష్టించబడినవాడేనని, ఆయన లేని కాలం ఒకటి ఉందని ఏరియస్ అన్నాడు, సభ దాన్ని తోసిపుచ్చింది. చెక్కబొమ్మలు చేసినవాళ్లకు ఆ ఉద్దేశం లేకపోవచ్చు, కానీ వాటి ముందు నిలబడితే మొక్కాలనిపించదు.

దేవుడూ, మనిషీ, రెండూ పట్టుకోవడం కష్టమే. 451లో కల్కెదోను సభకి ఐదు వందలకు పైగా బిషప్పులొచ్చి చివరికి తేల్చింది ఇదే: ఒక్కడే క్రీస్తు, దైవ స్వభావమూ మానవ స్వభావమూ రెండూ పూర్తిగా ఉన్నవాడు. ఆ రెండూ కలగలిసిపోకుండా, మారిపోకుండా, విడిపోకుండా, వేరుపడకుండా ఉన్నాయి. ఎలా అన్నది చెప్పలేదు, ఎలా అనకూడదో చెప్పి ఆపేశారు. ఐగుప్తు, ఆర్మేనియా, సిరియా సంఘాల్లో చాలామంది దాన్ని ఒప్పుకోలేదు, కేరళలోని ఆర్థొడాక్స్‌వాళ్లు ఇప్పటికీ ఆ వరసలోనివాళ్లే. మా లూథరన్ల విశ్వాస పత్రాల్లో ఎర్రగా కాలిన ఇనుము ఉదాహరణ ఉంది. ఇనుము ఇనుమే, నిప్పు నిప్పే, ముట్టుకుంటే మాత్రం చెయ్యి కాలుతుంది. క్లాసులో ఇదే చెప్తాను. ఇనుము చల్లారిపోతుంది కదా టీచర్ అని ఒకడు అంటాడు, ప్రతి ఏడూ ఎవడో ఒకడు.

పాక పెట్టిన ఆదివారం ఓ ఏడేళ్ల పిల్ల అడిగింది: "దేవుడు నిద్రపోతుంటే లోకాన్ని ఎవరు చూసుకున్నారు టీచర్?" రేకు కిరణాల బొమ్మ పెట్టుంటే ఈ ప్రశ్న వచ్చేదే కాదు, అందుకే 180 రూపాయలు గిట్టుబాటయ్యాయనుకున్నాను. నాలుగో శతాబ్దపు అలెగ్జాండ్రియా బిషప్పు అథనాసియస్ దీనికి జవాబు రాశాడు. వాక్యం ఆ శరీరంలో ఉంది గానీ అందులో బందీ కాలేదు, అదే సమయంలో లోకమంతటికీ జీవమిస్తూనే ఉంది. ఆ పిల్లకి అంత చెప్పలేదు. దోనెలో తలగడ మీద నిద్రపోయిన యేసే లేచి గాలిని గద్దించాడు కదా అన్నాను. ఒప్పుకుంది, సగం.

పాక దగ్గర మా సంఘపెద్ద ఒకాయన ఇంకో పేచీ పెట్టారు. మరియమ్మ మరీ ముందుకుంది, క్యాథలిక్ చర్చిలా ఉంది, వెనక్కి జరపండి అని. జరపలేదు. 431లో ఎఫెసు సభలో మరియను దేవుని తల్లి అనొచ్చా లేదా అన్నదే గొడవ. క్రీస్తు తల్లి అంటే చాలన్నాడు కాన్‌స్టాంటినోపుల్ బిషప్పు నెస్టోరియస్. ఆమె కన్నది ఎవరిని, దేవుణ్ణి మోసిన ఒక మనిషినా, మనిషైన దేవుణ్ణా అని పట్టుబట్టాడు అలెగ్జాండ్రియా బిషప్పు సిరిల్. సభ సిరిల్ వైపు మొగ్గింది. 1577 నాటి మన లూథరన్ ఒప్పుకోలులో కూడా ఆమె దేవుని తల్లి అని రాసుంది, ఇది తల్లికి చేసే గౌరవం కాదు, బిడ్డ ఎవరో చెప్పడం అన్నాను. పెద్దాయన ఏమీ అనలేదు, సెట్ ఖర్చు మాత్రం అడిగారు.

ప్యాకింగ్ దండగ. థర్మాకోల్ లేదు, దినపత్రిక ముక్కల్లో చుట్టి సంచిలో పెట్టారు. గుంటూరు వచ్చేసరికి దేవదూత రెక్క విరిగింది. ఫోన్ చేస్తే "దారిలో విరిగితే మా పూచీ లేదమ్మా" అని పెట్టేశారు. ఫెవిక్విక్‌తో అతికించాం, అతుకు కనిపిస్తోంది. గొల్లలిద్దరూ ఒకే అచ్చు, ఒకడికి గడ్డం రంగేశారు. తాటాకు పాక 900 చెప్పారు, తీసుకోకండి. ఎండుగడ్డీ నాలుగు వెదురు బద్దలూ ఉంటే ఇంట్లోనే అవుతుంది. 1223లో ఇటలీలోని గ్రేచ్చోలో అసీసీ ఫ్రాన్సిస్ కూడా గడ్డితో తొట్టి పెట్టి, నిజం ఎద్దునూ గాడిదనూ తెచ్చి కట్టించాడు. పసివాడు ఎంత ఇబ్బందిలో పడుకున్నాడో కళ్లారా చూడాలన్నదే ఆయన కోరిక. రంగులు మారే సీరియల్ లైట్లు పెట్టకండి, పసుపు బల్బు ఒక్కటి చాలు.

అదే షాపులో కిరీటం, రాజవస్త్రం వేసిన బాలయేసు స్వరూపాలు కూడా ఉన్నాయి, పని చాలా బాగుంది. మా వియ్యపురాలి ఇంట్లో అలాంటిదొకటుంది. దానితో నాకు పేచీ లేదు, అది రాజుని చూపించడానికే చేసిన స్వరూపం. పాక ఉన్నది పుట్టిన రాత్రిని చూపించడానికి.

మొత్తానికి ఐదుకి మూడున్నర. ఆ మూడున్నరలో సగం మరియమ్మదే. డిసెంబరు ఆదివారాలు వెళ్లకండి, నిలబడి చూసుకోవడానికి చోటుండదు, నవంబరు చివర్లో అయితే పెట్టెలన్నీ తీరిగ్గా విప్పి చూపిస్తారు. తొట్టిలో పెట్టి వీపు ఆనుతుందో లేదో చూసుకోండి. సెట్‌లోని బాలుణ్ణి వెనక్కిస్తే ధర తగ్గిస్తారేమో అడిగాను, తగ్గించరట. ఆయన్ని మా కోడలు తీసుకుంది.