పీడీఎఫ్ మీద మార్కింగ్: మౌస్, టచ్ ఈవెంట్లు వేర్వేరుగానా, పాయింటర్ ఈవెంట్లా? ఏది మేలు?

పెన్నుతో గీసే పనికైతే పాయింటర్ ఈవెంట్లే (మౌస్, వేలు, పెన్ను అన్నిటికీ బ్రౌజర్ పంపే ఒకే రకం సంకేతాలు), అందులో నాకు అనుమానం లేదు. హైలైట్ దగ్గరే కథ వేరు.

మౌస్ నొక్కితే వచ్చే మౌస్‌డౌన్‌కీ, వేలు తాకితే వచ్చే టచ్‌స్టార్ట్‌కీ విడివిడిగా కోడ్ రాస్తే ఏమవుతుందంటే, వేలితో ఒకసారి తాకగానే టచ్ ఈవెంట్లు వస్తాయి, వాటి వెనకే బ్రౌజర్ తనంతట తాను మౌస్‌డౌన్, క్లిక్ కూడా పంపుతుంది, దాంతో ఒకే చోట రెండు కామెంట్ బాక్సులు తెరుచుకుంటాయి. బ్రౌజర్ తనంతట తాను చేసేదాన్ని ఆపే ప్రివెంట్‌డిఫాల్ట్ పెడితే పోతుందిగా అంటారా? డాక్యుమెంట్ మీద పెట్టిన టచ్ లిజనర్లను (ఈవెంట్ రాగానే నడిచే కోడ్) క్రోమ్ 2017లో వచ్చిన 56వ వెర్షన్ నుంచి పాసివ్‌గా, అంటే దేన్నీ ఆపలేనివిగా, తీసుకుంటోంది, మీరు ప్రత్యేకంగా పాసివ్ ఫాల్స్ అని చెప్పకపోతే ప్రివెంట్‌డిఫాల్ట్ మాట వినదు.

పాయింటర్ ఈవెంట్లలో ఈ గోల లేదు. సెట్‌పాయింటర్‌క్యాప్చర్ పిలిస్తే గీత పేజీ అంచు దాటినా మూవ్, అప్ రెండూ మన ఎలిమెంట్‌కే వస్తాయి. పాయింటర్‌టైప్ చూసి పెన్నా, వేలా అన్నది తెలుసుకోవచ్చు, పెన్నుతో రాసేటప్పుడు ఆనిన అరచేతిని వదిలేయొచ్చు. వేలి కదలికల్ని బ్రౌజర్ తన పనికి వాడుకోవద్దని చెప్పే సీఎస్ఎస్ సెట్టింగ్ టచ్‌యాక్షన్ నన్ మాత్రం మరవద్దు, లేకపోతే బ్రౌజర్ దాన్ని స్క్రోల్ అనుకుని పాయింటర్‌క్యాన్సిల్ పంపుతుంది, గీత సగంలో తెగుతుంది. సఫారీలో పాయింటర్ ఈవెంట్లు రావన్న సాకు కూడా 2019లో 13వ వెర్షన్‌తోనే పోయింది.

ఇక హైలైట్. మాదాపూర్ ఆఫీసుల్లో మనం పెద్ద మానిటర్, మౌస్ పెట్టుకుని టెస్ట్ చేసేస్తాం, మౌస్ వదిలారని చెప్పే పాయింటర్‌అప్ రాగానే హైలైట్ మెనూ చూపిస్తే అంతా బాగానే ఉంటుంది. అదే టూల్‌ని నాంపల్లి కోర్టు వరండాలో ఒక లాయరు ట్యాబ్‌లో తెరిచి, ఛార్జిషీటులో ఒక లైను మీద వేలు నొక్కిపట్టి, ఆ రెండు చివర్ల గుబ్బల్ని లాగుతూ సరిచేసుకుంటాడు చూడండి, అక్కడ దొరికిపోతాం. ఆ గుబ్బలు బ్రౌజర్‌వి, పేజీవి కావు కాబట్టి వాటిని లాగడం అయిపోయిందని చెప్పే పాయింటర్‌అప్ కోసం ఎదురుచూస్తే మెనూ రాదు, పాత సెలక్షన్ మీదే వస్తే ఇంకా టెన్షన్.

అక్కడ, ఎంచుకున్న భాగం మారినప్పుడల్లా వచ్చే సెలక్షన్‌చేంజ్ ఈవెంట్ మేలు. ఒక్కో అక్షరానికీ మోగుతూనే ఉంటుంది కాబట్టి చివరి మార్పు తర్వాత పావు సెకను ఆగి మెనూ చూపించాలి, ఆ చిన్న ఆలస్యం మౌస్ వాళ్లకి కాస్త చికాకే. అయినా షిఫ్ట్ పట్టుకుని బాణం కీలతో సెలెక్ట్ చేసేవాళ్లకీ ఇదే పనిచేస్తుంది, పాయింటర్‌అప్‌కి అలాంటివాళ్లున్నారనే తెలియదు.