మిరపఘాటును ఏడుపనుకున్న రోబో

మా రోబో మోటార్లు, కెమెరా, చార్జింగ్ సంగతులు అందరికీ తెలిసినవే. నేను రాసేది ముఖం చూసి మనసు చెబుతానన్న ఆ ఒక్క ఫీచర్ గురించి. మా సైకాలజీ డిపార్ట్‌మెంట్ ఈ రోబోను కొన్నదే దానికోసం. ఇన్నాళ్లు వాడాక నా కోపమంతా దానిమీదే.

కిందటేడు క్లాసులో బాగా పట్టేది. నవ్వితే సంతోషం, కనుబొమలు ముడిస్తే కోపం. కాకపోతే అవన్నీ "ఏదీ, కోపంగా పెట్టు" అని అడిగి పెట్టించిన ముఖాలు. అమెరికన్ సైకాలజిస్టు పాల్ ఎక్‌మన్ చెప్పిన ఆరు మూలభావాల (సంతోషం, దుఃఖం, కోపం, భయం, అసహ్యం, ఆశ్చర్యం) పరీక్షలు కూడా ఎక్కువగా అలాంటి ఫొటోలతోనే జరిగాయి.

ఈ సీజన్లో గుంటూరు మిర్చి యార్డుకు పట్టుకెళ్లాం. ధర చెప్పగానే రైతు ముఖంలో ఏం మారుతుందో చూడాలని పిల్లల ప్రాజెక్టు. ఒప్పుకున్నవాళ్లనే కూర్చోబెట్టాం. టిక్కీల (మిర్చి బస్తాల) మధ్య ఎవరికైనా కళ్లు కారతాయి, ముక్కు ముడుచుకుంటుంది. మిరపకు ఘాటునిచ్చే క్యాప్సైసిన్ కంటిని మండిస్తే, దాన్ని కడిగెయ్యడానికి ఊరే నీళ్లవి. రోబో మాత్రం వరసపెట్టి దుఃఖం, అసహ్యం, మళ్లీ దుఃఖం అని నమోదు చేసుకుంటూ పోయింది. సైకాలజిస్టు లీసా ఫెల్డ్‌మన్ బారెట్ బృందం 2019లో పాత పరిశోధనలన్నీ వడపోసి తేల్చిందీ ఇదే: ఒక్క ముఖాన్ని పట్టుకుని లోపలున్నది నమ్మకంగా చెప్పలేం.

తేజ రకం మిర్చి తెచ్చిన ఒక పెద్దాయనకు ఆ రోజు మంచి రేటే పడింది. తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటుంటే రోబో చెవులు వాల్చి, కళ్లు దించి దిగులు ముఖం పెట్టింది.

"ఏందమ్మా, ఇది నేనేడుస్తున్నాననుకుంటందా?"

"అవును బాబాయ్ గారూ, ఘాటని దానికి తెలీదు."

ఆయన నవ్వి దాని తల నిమిరాడు. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత, మేమేమీ అడక్కుండానే, నల్ల తామరపురుగు పడ్డ ఏడాది చేను దున్నేసిన సంగతి మొదలెట్టాడు. కౌలు, అప్పు, చిన్నకూతురి పెళ్లి వాయిదా. చెబుతున్నంతసేపూ ఆయన ముఖంలో పెద్ద మార్పేమీ లేదు. స్క్రీన్ మీద "తటస్థం" అని పడింది. మా ప్రశ్నాపత్రాలకు అన్నాళ్లలో ఒక్కరూ అంత మనసిచ్చి చెప్పలేదు.

ముఖం చదవడంలో రోబోది తప్పే, కానీ ఆ దిగులు ముఖం పనిచేసింది. 1990ల చివర ఎంఐటీలో సింథియా బ్రెజీల్ చేసిన కిస్మెట్ అనే రోబోకు కూడా చెవులు, కనుబొమలు, పెదాలే బలం. వాటిని చూసి ఎదుటివాళ్లు తమ గొంతు మార్చుకునేవాళ్లు. ఇప్పుడు మేం రోబో నమోదు చేసే భావాలను పక్కనపెట్టి, దాని ముఖం చూసి మనుషులేం చేస్తున్నారో రాసుకుంటున్నాం.

కొనాలా అంటే, మాకు పక్కన కూర్చుని తెలుగులో మాట కలిపే విద్యార్థులున్నారు, గ్రాంటు డబ్బుంది, అందుకే గిట్టుబాటవుతోంది. పిల్లలు పాఠం వింటున్నారో లేదో ముఖం చూసి చెబుతుందని ఏ స్కూలైనా కొనాలనుకుంటే మాత్రం వద్దంటాను. బడుల్లో, ఆఫీసుల్లో అలా భావాలు ఊహించడాన్ని యూరోపియన్ యూనియన్ 2025 ఫిబ్రవరి నుంచి, వైద్య, భద్రతా అవసరాలకు తప్ప, నిషేధించింది కూడా.