అలిపిరి నడక దారి: పైకప్పు బాగుంది, కర్ర పనికొస్తుంది, తిండి సంచులే తంటా

3,550 మెట్లు, చాలా దూరం నెత్తిన కప్పు, తాగునీరు. సౌకర్యాలకు వంక పెట్టలేం. 2023 ఆగస్టులో ఇక్కడ చిరుత ఓ ఆరేళ్ల పాపను చంపాక టీటీడీ పన్నెండేళ్ల లోపు పిల్లలను మధ్యాహ్నం 2 తర్వాత నడవనివ్వకుండా ఆపింది, భక్తులకు చేతికర్రలిచ్చింది. కర్ర మీద జోకులు బాగానే పేలాయి గానీ, అది చిరుతతో కుస్తీకి కాదు. నిటారుగా నిలబడి పైకెత్తితే మనిషి పెద్దగా కనిపిస్తాడు. పరుగెత్తినా, వంగినా వేట జంతువులా కనిపిస్తాడు. పిల్లలను గుంపు మధ్యలోనే నడిపించాలి.

జింకలకు, కోతులకు తిండి పెట్టొద్దన్నా పెట్టేవాళ్లున్నారు, పుణ్యమట! తిండి పడ్డచోటికి జింకలు, అడవి పందులు, కుక్కలు చేరతాయి. వాటి కోసం చిరుత వస్తుంది.

కోతికైతే కవర్ చప్పుడే చాలు. పళ్లు బయటపెడితే అది నవ్వు కాదు. సంచి లాగితే వదిలేయండి, కళ్లలోకి చూడకండి. గీరినా, కరిచినా పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, ఆ రోజే రేబిస్ టీకా మొదలుపెట్టాలి. రక్తం వస్తే ఇమ్యునోగ్లోబ్యులిన్ (వెంటనే రక్షణనిచ్చే యాంటీబాడీల ఇంజెక్షన్) కూడా కావాలి. పసుపు, కారం పూయొద్దు.

దారికి 5కి 4. తిండి నిషేధం అమలుకు 2, అదీ మొహమాటానికి.