‘అండం నాణ్యత పెంచే పొడి’ కొనబోతున్నారా? ముందు ఇది చదవండి

భీమవరం, పాలకొల్లు, తణుకు పరిసరాల్లో కల్యాణ మండపాలు అద్దెకు తీసుకుని ‘ఉచిత సంతాన ఆరోగ్య శిబిరం’ నడుపుతున్న వాళ్లున్నారు. పరీక్ష ఉచితమే. ఆ తర్వాత చేతిలో పెట్టే గులాబీ రంగు డబ్బా మాత్రం 3,400 రూపాయలు. మూడు నెలల కోర్సు కాబట్టి మూడు డబ్బాలూ ఒకేసారి తీసుకోవాలంటారు. దయచేసి తీసుకోకండి. డబ్బు పోతే మళ్లీ సంపాదించుకోవచ్చు. మా ఇంట్లో పోయినవి నెలలు.

ఇది మా తమ్ముడి భార్యకు జరిగింది. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ‘పేరు మాత్రం వద్దు వదినగారూ, మిగతాదంతా రాసేయండి’ అంది.

శిబిరంలో చేసే పరీక్ష ఇది. గుప్పిట్లో ఒక లోహపు కడ్డీ పెడతారు. దాని వైరు ల్యాప్‌టాప్‌కు తగిలించి ఉంటుంది. పేరు, వయసు, ఎత్తు, బరువు అడిగి నమోదు చేసుకుంటారు. నిమిషం తిరిగేసరికి రంగురంగుల కాగితాలు బయటికి వస్తాయి. ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్: ఎక్కువ. అండం నాణ్యత: తక్కువ.’ పక్కన ఎర్ర గీత. మా తమ్ముడు కూడా సరదాకు ఆ కడ్డీ పట్టుకున్నాడు. అక్కడి అమ్మాయి పేరు మార్చింది గానీ ‘స్త్రీ’ అన్న గడి మార్చడం మరచిపోయింది. పైన వాడి పేరు, కింద ‘అండాశయాల పనితీరు: మధ్యస్థం’. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది. వాళ్లు నవ్వేసి ‘పాత వివరాలు పడ్డాయండీ’ అన్నారట. అప్పటికే మా అమ్మ డబ్బు కట్టేసింది. కోడలి కడుపు పండుతుందంటే ఏ అత్తగారు బేరమాడుతుంది?

కడ్డీ పట్టుకుంటే అండం నాణ్యత తెలియదు. రక్తంలో చూసే ఏఎంహెచ్ అనే హార్మోను, స్కానింగులో లెక్కపెట్టే చిన్న ఫాలికిల్స్ (అండాలు పెరిగే సంచులు) కూడా అండాలు ఎన్ని మిగిలాయో అంచనా వేయడానికే పనికొస్తాయి, అవి ఎంత బాగున్నాయో చెప్పడానికి కాదు. పెద్ద ఆసుపత్రి చెప్పలేనిది కల్యాణ మండపంలో నిమిషంలో తేలిపోతుందా?

అసలు చిక్కు ఎక్కడంటే, ‘ఆక్సిడేటివ్ స్ట్రెస్ అండాన్ని పాడు చేస్తోంది, మా పొడిలోని యాంటీ ఆక్సిడెంట్లతో దాన్ని మొత్తం తుడిచేస్తాం’ అని వాళ్లు చెప్పేదంతా అబద్ధం కాదు. ఆక్సిడేటివ్ స్ట్రెస్ ఉన్నమాటే. మన కణాల్లో శక్తిని తయారు చేసే మైటోకాండ్రియాలు పని చేస్తున్నప్పుడు కణానికి హాని చేయగల ఫ్రీ రాడికల్స్ పుడతాయి. వాటిని అదుపులో పెట్టడానికి యాంటీ ఆక్సిడెంట్లు ఉంటాయి. ఆ సమతూకం తప్పడమే ఆక్సిడేటివ్ స్ట్రెస్, అప్పుడు కణం దెబ్బతింటుంది. పక్వమైన అండంలో సుమారు లక్ష మైటోకాండ్రియాలుంటాయి. పైగా ఆడపిల్ల పుట్టేనాటికే అండాలన్నీ ఏర్పడి ఉంటాయి కాబట్టి వయసుతో పాటు ఆ దెబ్బలూ పోగవుతాయి. పొగతాగడం, ఊబకాయం, అదుపు తప్పిన చక్కెర ఈ భారాన్ని పెంచుతాయి. అయితే ఫాలికిల్ పగిలి అండం విడుదల కావడానికి కొంత ఆక్సీకరణ అవసరం కూడా. ‘మొత్తం తుడిచేస్తాం’ అనే మాట మంచి మాటేమీ కాదు. మూడు నెలల లెక్క కూడా అంతే. చిన్న ఫాలికిల్ పెరిగి అండం విడుదలయ్యే దశకు రావడానికి సుమారు 85 రోజులు పడుతుందన్నది నిజం. ఆ నిజాన్ని పట్టుకుని మూడు డబ్బాలు అమ్ముతున్నారు.

యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు, పొడులు సంతానానికి పనికొస్తాయా అని 2020లో వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ సంస్థ 63 ప్రయోగాలను పరిశీలించింది. దొరికిన ఆధారాల నాణ్యత తక్కువ, చాలా తక్కువ అని తేల్చింది. అంటే గ్యారంటీ ఇచ్చే హక్కు ఎవరికీ లేదు.

ఇప్పుడు అసలు ప్రమాదం. మా మరదలికి థైరాయిడ్ గ్రంథి తక్కువగా పని చేస్తుంది, రోజూ పరగడుపున మాత్ర వేసుకుంటుంది. ‘ఇంగ్లీషు మందులు వేడి చేస్తాయమ్మా, పొడి ఒంటికి పట్టాలంటే ఆ మాత్ర ఆపాలి’ అన్నారు. ఆపేసింది. కొన్ని వారాలకు వాళ్లే రక్తపరీక్ష చేయించుకోమన్నారు. టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పని తగ్గితే రక్తంలో పెరిగే హార్మోను) సరిగ్గా ఉందని వచ్చింది. ‘చూశారా, థైరాయిడ్ జబ్బు కూడా తగ్గిపోయింది’ అని చంకలు గుద్దుకున్నారు. ఆ తర్వాత నెలసరి ఆగింది. ఇంట్లో అందరూ ఏమనుకుని ఉంటారో మీకు చెప్పనక్కర్లేదు. ఇంటి పరీక్షలో గర్భం లేదని వచ్చింది. ముఖం ఉబ్బింది, జుట్టు ఊడింది, మెట్లెక్కితే ఆయాసం.

రాజమహేంద్రవరంలో డాక్టరుగారు ముందుగా అడిగిన మాట, ‘మాత్రలే కాదు, పొడులు, టానిక్కులు ఏం వాడుతున్నారో అన్నీ బల్ల మీద పెట్టండి’. డబ్బా వెనుక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది: బయోటిన్ (ఒక బి విటమిన్), చెంచాకు 10 మిల్లీగ్రాములు, అంటే పది వేల మైక్రోగ్రాములు. మనిషికి రోజుకు కావలసింది 30 నుంచి 40 మైక్రోగ్రాములు. ఆ మోతాదులో బయోటిన్ రక్తంలో ఉంటే కొన్ని రకాల ల్యాబ్ యంత్రాలు టీఎస్‌హెచ్‌ను ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తాయి. అమెరికాలో మందులను నియంత్రించే ఎఫ్‌డీఏ 2017లోనే దీనిమీద హెచ్చరించింది. పొడి మాన్పించి, కొన్ని రోజులు ఆగి మళ్లీ పరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ ఆకాశంలో ఉంది. థైరాయిడ్ జబ్బు తగ్గలేదు, కనబడకుండా పోయింది, అంతే. థైరాయిడ్ అదుపులో లేకపోతే అండం విడుదలే గాడి తప్పుతుంది, గర్భం నిలిచినా ముప్పు పెరుగుతుంది. సంతానం కోసం కొన్న పొడి చేసిన మేలు ఇదీ!

డాక్టరుగారి రెండో ప్రశ్న మా తమ్ముడికి: ‘మీ పరీక్ష అయిందా?’ శిబిరంలో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. సంతానం ఆలస్యమయ్యే జంటల్లో సుమారు సగం మందిలో మగవారి వైపు కారణం కూడా ఉంటుంది. వీర్యపరీక్ష ఖర్చు ఒక డబ్బా ఖరీదులో చిన్న భాగం. (వాడి ఫలితం వాళ్లిద్దరి సొంత విషయం, ఇక్కడ రాయను.) అండం గర్భాశయానికి వెళ్లే ట్యూబులు మూసుకుపోయి ఉంటే ఏ పొడీ తెరవలేదు. ఏడాది ప్రయత్నించినా గర్భం రాకపోతే, 35 దాటిన వాళ్లయితే ఆరు నెలలకే, డాక్టరు దగ్గరికి వెళ్లాలంటారు. ‘ఇంకో కోర్సు వాడి చూద్దాం’ అనే మాట ఆ గడువునే మింగేస్తుంది.

తిండి సంగతికొస్తే, దానికి విలువ లేదని నేను అనడం లేదు. అమెరికాలో 17,544 మంది నర్సుల మీద జరిగిన అధ్యయనం 2007లో వచ్చింది. ట్రాన్స్ కొవ్వులు తగ్గించి, పప్పుల లాంటి శాకాహార ప్రోటీను, ఇనుము ఎక్కువగా తీసుకున్న వాళ్లలో అండం విడుదలకు సంబంధించిన సమస్యలు తక్కువగా కనిపించాయి. అది సంబంధమే, గ్యారంటీ కాదు. అయినా ఆ తిండి మన డెల్టాలో దొరకనిదా? పెరట్లో మునగాకు, ఉసిరి, సంతలో తోటకూర, జామకాయలు, పెసలు, నరసాపురం వైపు నుంచి వచ్చే కవళ్లు, నెత్తళ్ల లాంటి చేపలు. పదేపదే కాగిన నూనెలో వేసిన బజ్జీలు తగ్గించి, ఇంట్లో చుట్ట కాల్చే పెద్దాయనను అరుగు మీదికి పంపినా కొంత మేలు. పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా విడుదల కాని సమస్య) ఉండి బరువు ఎక్కువున్న వాళ్లు 5 నుంచి 10 శాతం బరువు తగ్గినా నెలసరి దారిలో పడే అవకాశం ఉంది. గర్భం కోసం చూస్తున్న ప్రతి స్త్రీకీ నిజంగా అవసరమైన మాత్ర ఫోలిక్ యాసిడ్, మామూలుగా రోజుకు 400 మైక్రోగ్రాములు. బిడ్డ వెన్నుపాము లోపాలను చాలావరకు అడ్డుకుంటుంది, ఖరీదూ తక్కువే. శిబిరంలో దాని ఊసే లేదు, లాభం రాదు కదా.

ఇంకొక మాట. డబ్బా మీద ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు చూసి నమ్మకండి. ఆహార వ్యాపారానికి లైసెన్సు ఉందని మాత్రమే దాని అర్థం. పొడి పిల్లల్ని పుట్టిస్తుందని కాదు. అసలు స్త్రీల వంధ్యత్వానికి మందు ఉందంటూ ప్రకటన ఇవ్వడాన్నే 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం నిషేధించింది. వాళ్ల ఫ్లెక్సీ ఫొటో ఉంటే అదే సాక్ష్యం. మాకు ఇచ్చింది బిల్లు కాదు, జీఎస్టీ నంబరు లేని ఎస్టిమేటు చీటీ. మీరు ఇప్పటికే కొని ఉంటే చీటీ, ఫోన్‌పే వివరాలు, వాట్సాప్ సందేశాలు, ఖాళీ డబ్బాతో సహా దాచుకోండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. థైరాయిడ్, షుగరు, ఫిట్స్ మాత్రలు ఎవరైనా ఆపమంటే, మీకు అవి రాసిన డాక్టరును అడగకుండా ఆపకండి. ఇప్పటికే ఆపి ఉంటే ఈరోజే అడగండి.

మా ఫిర్యాదు నడుస్తోంది. వాళ్ల మనిషి ఫోను చేసి, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటే సగం డబ్బు ఇస్తామన్నాడు. మొత్తం ఇవ్వాలి, పైగా మాత్రలు ఆపమని చెప్పడం తప్పేనని కాగితం మీద రాసివ్వాలి అన్నాను. ‘కనుక్కుని చెప్తానండీ’ అని పెట్టేశాడు. మళ్లీ చేయలేదు.