ఫీల్డ్ ప్రెప్: నచ్చింది, కానీ కాన్‌స్టెంట్ల వరకే

లినక్స్ కర్నెల్ డ్రైవర్లు రాసేవాళ్లకి ఫీల్డ్ ప్రెప్ మాక్రో ఏం చేస్తుందో చెప్పక్కర్లేదు. మిగతావాళ్లకి ఒక్క ముక్క: హార్డ్‌వేర్ రిజిస్టర్‌లో ఒక ఫీల్డ్‌కి, అంటే కొన్ని వరుస బిట్లకి, ఇచ్చిన విలువని సరైన చోటికి జరిపి పెడుతుంది. ఆ బిట్లేవో చెప్పేదే మాస్క్. చాలాకాలంగా వాడుతున్నాను. నాకు అందులో నచ్చింది ఒక్కటే: ఫీల్డ్‌లో పట్టని అంకె రాస్తే బిల్డే అవ్వదు.

ఒక పాత డ్రైవర్ నా చేతికొచ్చింది. నిండా చేత్తో రాసిన షిఫ్టులే, అంటే బిట్లని పక్కకి జరిపే లెక్కలే. వాటిని ఈ మాక్రోలోకి మారుస్తుంటే, క్లాక్ వేగాన్ని భాగించి తగ్గించే క్లాక్ డివైడర్ ఫీల్డ్ దగ్గర 'విలువ ఫీల్డ్‌లో పట్టదు' అని కంపైలర్ మొండికేసింది. ఆ డివైడర్‌కి ఉన్నవి 4 నుంచి 6 దాకా మూడు బిట్లు. పాత కోడ్ 8ని నాలుగు బిట్లు జరిపి రాస్తోంది, అంటే హెక్స్‌లో 80. డివైడర్ బిట్లు మూడూ సున్నాగానే ఉండిపోయి, పక్కనున్న 7వ బిట్ సెట్ అవుతోంది. అది ఎనేబుల్ బిట్. కింద ఇంకో లైను దాన్ని ఎలాగూ సెట్ చేస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. డేటాషీట్ ప్రకారం ఎనిమిదితో భాగించాలంటే రాయాల్సింది 3. ఇన్నాళ్లూ ఆ క్లాక్ ఫుల్ స్పీడ్‌లోనే తిరుగుతోందన్నమాట! రివ్యూల్లో ఎంతమంది కళ్లు దాటిపోయిందో.

ఆ ఊపులో కనబడిన షిఫ్టునల్లా మార్చేశాను.

తర్వాత ఆ డివైడర్‌నే ఫంక్షన్ పారామీటర్ చేయాల్సొచ్చింది. ఊరికే 8 ఇచ్చి చూస్తే, చప్పుడు లేదు. కంపైల్ సమయానికి విలువ తెలిస్తేనే ఈ తనిఖీ. తెలియకపోతే మాస్క్‌లో పట్టని బిట్లు కోసేసి ఊరుకుంటుంది. అలా కోస్తే 8లో మిగిలేది సున్నా. మళ్లీ ఫుల్ స్పీడ్ క్లాకే. పక్క బిట్ జోలికి పోకపోవడం ఒక్కటే నయం. పైగా ఫంక్షన్ ఇన్‌లైన్ అయితే, అంటే కంపైలర్ దాన్ని పిలిచిన చోటే కలిపేస్తే, విలువ తెలిసిపోయి ఎర్రర్ వస్తుంది, కాకపోతే రాదు. సీ భాషలో సీ11 ప్రమాణం నుంచి ఉన్న, కంపైల్ సమయంలోనే షరతు తనిఖీ చేసే స్టాటిక్ అసర్ట్‌తో ఈ దోబూచులాట లేదు, కాన్‌స్టెంట్ కాకపోతే మొహమ్మీదే చెప్పేస్తుంది. గ్లోబల్ టేబుళ్ల ఇనిషియలైజర్లలో మామూలు ఫీల్డ్ ప్రెప్ పనిచేయదు. 2023లో వచ్చిన కాన్‌స్ట్ వెర్షన్ వాడాలి. ఎర్రర్ మెసేజ్ సంగతి ఎత్తకపోవడమే మంచిది, మాక్రోల పొరలన్నీ దాటి అసలు లైను వెతుక్కోవాలి.

నేను ఎక్కువగా డేటాషీట్ అంకెలు నేరుగా కోడ్‌లో రాసే డ్రైవర్లే చూస్తాను కాబట్టి నాకు ఇది వదులుకోలేని వస్తువు. మీ విలువలు డివైస్ ట్రీ (బోర్డు హార్డ్‌వేర్ వివరాలు) నుంచో యూజర్ స్పేస్ (కర్నెల్ బయటి ప్రోగ్రాములు) నుంచో వస్తుంటే దీన్ని నమ్ముకోకండి. అలాంటి చోట నేను ముందు విలువ పడుతుందో లేదో చెప్పే ఫీల్డ్ ఫిట్ మాక్రోతో చూసుకుని, పట్టకపోతే ఎర్రర్ రిటర్న్ చేస్తున్నాను.